తెలియదు అని రాస్తే ఒక మార్కు

ఆమె సంతాపసభ ఖమ్మంలో, ఆమె పాఠాలు చెప్పిన కాలేజీలోనే పెట్టారు. దండ వేసిన ఫొటో ఇరవై ఏళ్ల కిందటిది. ఆమె చూసి ఉంటే అక్కడే తగాదా మొదలయ్యేది. "పోయిన మనిషి ఈమె కాదు గదా, ఈమెకెందుకు దండ?" అనేది.

ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ఒకటే మాట. "మేడంకు కొంచెం చాదస్తం. కానీ మనసు మంచిది." ఆ "కానీ" దగ్గర ప్రతిసారీ నాకు ఒళ్లు మండింది. లెక్క సరిగ్గా ఉండాలనడం ఒక జబ్బు అయినట్టు, మంచి మనసు ఉంది కాబట్టి ఆ జబ్బును మనం పెద్దమనసుతో క్షమించేసినట్టు. అదే పని మగవాడు చేస్తే పరిశోధకుడు, నిష్ఠ గలవాడు అంటారు. ఆడమనిషి చేస్తే చాదస్తం. ఆ ఆరుగురిలో ముగ్గురు తమ పీహెచ్‌డీల్లో పట్టికలు ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

ఏడో పేరు నాది. "మేడం ప్రియశిష్యుడు" అని పిలిచారు. నేను లేచి వెళ్లి, గొప్ప టీచరు, మాకు దారి చూపింది అని రెండు నిమిషాలు ఏదో అని దిగిపోయాను. ఆ రెండు నిమిషాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పాల్సింది కూడా ఒక్కటీ లేదు. మెట్లు దిగుతుంటే నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పొట్టి మనిషి. నూలు చీర, మగవాళ్ల గడియారం, దారం కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్లద్దాలు, ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. ఊరు బోనకల్. రోజూ ప్యాసింజరు రైల్లో ఖమ్మం వచ్చేది. స్టాటిస్టిక్స్ చెప్పేది. "ఈ రైలు రోజూ లేటే" అని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసేది. అందులో ఏళ్ల తరబడి ఆ రైలు ఏ రోజు ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసి ఉండేది. "రోజూ కాదు. చూడు. నువ్వు లేటుగ వచ్చిన రోజులే యాదికి పెట్టుకుంటున్నవ్. టైముకొచ్చిన రోజు నీకు యాదికుండదు. నీ యాది మోసం జేస్తది, కాయితం చెయ్యదు" అనేది. స్టాఫ్ రూంలో నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

"సుమారు" అన్న మాట వింటే చాలు, ఆమె ముఖం ఎర్రబడేది. సుమారు అనొద్దని కాదు. "సుమారు అంటే ఎంత నుంచి ఎంత దాక? హద్దు చెప్పు. హద్దు లేని సుమారు గప్పాలు కొట్టుడు" అనేది. మా క్లాసులో పెన్సిలు, రబ్బరు నిషేధం. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక గీత గీసి పక్కన సరైనది రాయాలి. కింద ఉన్న తప్పు కనిపించాలి. ఒకసారి ఆమే బోర్డు మీద ఒక లెక్క తప్పు చేసింది. వెనక బెంచీలోని అమ్మాయి పట్టుకుంది. ఆమె ఆ మెట్టు మీద గీత గీసి, పక్కన "నా తప్పు" అని రాసి, ఆ మూల తుడవొద్దంది. వారం రోజులు ఆ "నా తప్పు" అట్లాగే ఉంది. వేరే లెక్చరర్లు మిగిలిన బోర్డు మీద సర్దుకుని పాఠాలు చెప్పుకున్నారు.

పరీక్షలో జవాబు రాకపోతే "తెలియదు" అని రాయమనేది. అట్లా రాస్తే ఒక మార్కు వేసేది. తెలియకుండా పేజీలు నింపితే సున్నా. ప్రిన్సిపాల్ పిలిపించి అడిగాడు. అప్పుడు పేపర్ల కట్ట మోసుకుంటూ నేను ఆమె వెనకే ఉన్నాను.

"రాయనివాడికి మార్కేంటి మేడం?"

"వాడు రాసిండు సార్. నిజం రాసిండు. నాలుగు పేజీలు నింపినోడు అబద్ధం రాసిండు. నేను ఎవరికి వెయ్యాలె?"

"యూనివర్సిటీ రూల్సు ఒప్పుకోవు."

"ఇంటర్నల్ పరీక్షకు యూనివర్సిటీ రూలు ఏడుందో చూపించుండ్రి, మానేస్త."

ఆయన చూపించలేదు. ఆమె మానలేదు.

మంచి మనిషి అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆమెతో వేగడం కష్టం. దశాంశ బిందువు పక్కకు జరిగిందని క్లాసు మధ్యలో నిలబెట్టి ఏడిపించేది. పెళ్లికి పిలిస్తే వచ్చి, శుభలేఖలో తిథికీ వారానికీ పొత్తు కుదరలేదని పెళ్లికూతురి తండ్రికి చూపించేది. కానీ ఆమె చూపించిన తప్పుల్లో తప్పు కానిది ఒక్కటి నేను చూడలేదు.

శాంపిలింగ్ పాఠానికి ఆమె మమ్మల్ని మిర్చి యార్డుకు తీసుకెళ్లింది. ఎండ, ఘాటు, అందరం తుమ్ములు. ఒక వ్యాపారి బస్తా మూతి విప్పి, పైనున్న గుప్పెడు కాయలు చూసి ధర చెబుతున్నాడు. ఆమె రైతును అడిగి, బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి కాయలు లాగింది. పైవి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, అడుగువి రంగు పోయిన తాలు కాయలు. రైతు తల దించుకున్నాడు. పక్క బస్తాలో అడుగున మంచివి ఉన్నాయి, పైన తాలు ఉంది. వ్యాపారి తల తిప్పుకున్నాడు.

"పై మిర్చి చూసి రాసినోడు ఎవరినో ఒకరిని ముంచుతడు" అంది మాతో. "ఎవరిని ముంచిండో వానికే తెల్వదు. అది ఇంకా పాపం." ఆ తర్వాత రెండు రోజులు ఆమె చెయ్యి మండుతూనే ఉంది. బోర్డు మీద ఎడమ చేత్తో రాసింది.

నేను కారేపల్లి నుంచి వచ్చినవాణ్ని. పీజీ అయ్యాక ఉద్యోగం లేక తిరుగుతుంటే ఆమే పిలిచి పని ఇప్పించింది. అప్పటికి భద్రాచలం ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉంది. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో సర్వే పెట్టింది. వానాకాలంలో ఏ ఊళ్లో ఎంతమంది జ్వరంతో పోతున్నారు, దవాఖానా ఎంత దూరం అని ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపాలి. ఆ లెక్క చూసి, ఏ ఊళ్లలో వానల నాలుగు నెలలూ నర్సునూ మందులనూ ఉంచాలో పై ఆఫీసు తేలుస్తుంది. సర్వే పర్యవేక్షణ ఆమెది. ఊళ్లు తిరిగే నలుగురిలో నేనొకణ్ని.

మొదటి రోజు భద్రాచలంలో ఒక బడి గదిలో మాకు శిక్షణ. కోయ మాట తెలిసిన ఒక అంగన్‌వాడీ టీచరు మాకు తోడుగా వచ్చింది. గంట సేపు మౌనంగా విని, మెల్లగా చెయ్యెత్తింది.

"మేడం, జ్వరమొచ్చి ఎవరన్న పోయిన్రా అని అడిగితే లేదంటరు. మా దిక్కు దాన్ని జ్వరమనరు. చలి అంటరు. చలొచ్చి వణికి పోయిండు అంటరు."

అప్పటికే అచ్చయిన ఫారాలు కట్టలు కట్టలుగా గోడ పక్కన ఉన్నాయి. మేడం అప్పటికప్పుడు హైదరాబాదుకు ఫోను చేసింది. అవతల సంస్థ డైరెక్టరు. ఫారాలు అచ్చయిపోయాయి, ఇప్పుడు మార్చడం కుదరదు అన్నట్టున్నాడు.

"అచ్చయిన తప్పు తప్పు గాకుండ పోతదా సార్?" అని ఆమె ఫోను పెట్టేసింది. రెండు రోజులు అందరం కూర్చుని ప్రతి ఫారంలోనూ "జ్వరం" మీద గీత గీసి, పక్కన "చలి, వణుకు, జ్వరం" అని చేత్తో రాశాం. వేళ్లు నొప్పులు పుట్టాయి. మేము నలుగురం చాటుగా ఆమెను తిట్టుకున్నాం. ఏ మాటతో తిట్టుకున్నామో చెప్పనా? చాదస్తం అనే.

ఇంకొకటి నేర్పింది. చావు గురించి ఒకసారి అడిగి వదిలేయొద్దు. మూడు దారుల్లో అడగాలి. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని ఒకసారి. ఈ పిల్లకు ముందు ఎవరు పుట్టారు, వెనక ఎవరు పుట్టారు అని ఒకసారి. పుట్టి ఉండనివాళ్లు ఉన్నారా అని చివర. "చెప్పొద్దని దాయరు. తలుచుకోలేక దాస్తరు. గట్టిగ అడగొద్దు. ఇంకో తలుపు నుంచి పోయి అడుగు" అంది.

మూడో వారంలో నాకు వచ్చిన ఊరు వాగు అవతల ఉంది. పేరు రాయను. పదకొండు ఇళ్లు అని ఓటర్ల జాబితాలో ఉంది. నేను వెళ్లేసరికి వాగు ఎర్రగా, నిండుగా పారుతోంది. దాటలేని వాగే. అందులో నా తప్పు లేదు. ఫారం మీద "వాగు దాటలేదు" అని రెండు మాటలు రాస్తే సరిపోయేది. తెలియదు అన్నదానికి ఆమె దగ్గర మార్కు ఉందని నాకంటే ఎవరికి బాగా తెలుసు?

నేను అట్లా రాయలేదు. దుమ్ముగూడెంలో ఒక చాయ్ హోటల్లో కూర్చుని పదకొండు ఫారాలూ నింపాను. పేర్లు ఓటర్ల జాబితా నుంచి తీసుకున్నాను. జాబితాలో వయసులు పాతవి, అందుకే అవి నేనే వేశాను. పిల్లల్ని నేనే పుట్టించాను. అనుమానం రాకుండా ఒక ఇంట్లో ఇద్దరు, ఒక ఇంట్లో నలుగురు. చావుల దగ్గర అన్నిటికీ సున్నా పెట్టాను. లేని చావు రాయడానికి చేతులు రాలేదు. అది నాలోని మంచితనం అని కూడా అనుకున్నాను. నా పనితనం చూసి నాకు కాస్త గర్వం కూడా కలిగింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఆ చాయ్ గ్లాసు తీసి నా నెత్తి మీదే కొట్టుకోవాలనిపిస్తుంది.

ప్రతి శనివారం ఫారాలు హైదరాబాదు పోయేవి. పోయే ముందు వయసులూ చావులూ ఎవరివి వాళ్లం ఆమె రిజిస్టరులో ఎక్కించాలి. సోమవారం ఆమె బోనకల్ నుంచి వచ్చి రిజిస్టరు తీసింది. పావుగంట కూడా పట్టలేదు.

"ఏమయ్యా, ఆ ఊళ్ల అందరికి పుట్టిన తారీఖులు తెలుసా?"

"తెల్వదు మేడం."

"మరి ముప్పై మూడు, నలభై ఏడు, ఇరవై తొమ్మిది అని ఎట్ల చెప్పిన్రు? మిగిలిన ఊళ్లు చూడు. ముప్పై, ముప్పై అయిదు, నలభై, యాభై. వయసు తెల్వనోళ్లు గట్లనే చెప్తరు. నీ ఊళ్ల ఒక్కరన్న ముప్పై లేరు, నలభై లేరు."

అంతలోనే ఆమె వేలు ఇంకో గడి మీదికి జరిగింది.

"ప్రతి ఇంట్ల పిల్లకూ పిల్లకూ రెండేండ్లు. ఒక్క పిల్ల ముందు రాలే, ఒక్క పిల్ల పోలే. గిట్లాంటి ఊరు నిజంగ ఉంటే చెప్పు, నేను బోనకల్ ఇడిచిపెట్టి ఆడికే పోయి బతుకుత."

"వాగు వచ్చింది మేడం."

"వాగొచ్చింది. వాగు మీద కోపం లేదు నాకు." ఆమె అరుస్తుందనుకున్నాను. గొంతు ఇంకా తగ్గింది. అది అరుపు కన్నా భయంగా ఉంది. "నిజానికి మట్టి అంటుకొని ఉంటదయ్యా. అబద్ధమే కడిగినట్టుంటది. నువ్వు మంచిగ చదువుకున్నోనివి గనుక మంచిగ కడిగినవ్."

నాలుగు రోజులకు వాగు నడుముల దాకా తగ్గింది. ఆమె, అంగన్‌వాడీ టీచరు, నేను దాటాం. ఆమె గొడుగు నెత్తి మీద అడ్డంగా పెట్టుకుని, ఫారాల సంచి దానికి వేలాడేసుకుని దాటింది. ఊళ్లో ఇళ్లు పదకొండు కాదు, పదమూడు. రెండిళ్ల వాళ్లు ఓటర్ల జాబితాలోనే లేరు. నా అబద్ధానికి ఆ రెండిళ్లూ అందనేలేదు.

నాలుగో ఇంట్లో ఒక తల్లి ఎండిన ఇప్పపూలు చాటలో పోసి పుల్లలు ఏరుతోంది. పక్కన ఏడేళ్ల పిల్ల. ఇంట్లో ఎవరన్నా పోయారా అని అంగన్‌వాడీ టీచరు కోయ మాటలో అడిగింది. లేదు అని తల్లి తల అడ్డంగా ఊపింది. చలి వచ్చిందా అంటే వస్తుంది, అందరికీ వస్తుంది అంది. నేనైతే అక్కడే సున్నా పెట్టి లేచేవాణ్ని. మేడం కదల్లేదు. కాసేపు ఇప్పపూల గురించి అడిగింది. తనూ చాట దగ్గరికి జరిగి పుల్లలు ఏరసాగింది. తర్వాత పిల్ల వైపు చూసి, "ఈమె పెద్దదా, నడిపిదా?" అంది.

తల్లి చెయ్యి ఆగింది. తర్వాత తెలుగులోనే చెప్పింది. "నడిపిది. పెద్దోడు, చిన్నది, ఒక్క వానలనే పోయిన్రు. చలొచ్చి. తొమ్మిది దినాలు ఎడం." ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ అడగకుండానే అన్నీ చెప్పింది. పెద్దవాణ్ని మంచం మీద మోసుకుని వాగు దాకా వచ్చారట. వాగు దాటలేక ఒడ్డునే కూర్చున్నారట. అక్కడే పోయాడట.

మేడం అన్నీ రాసుకుంది. బయటికొచ్చాక ఒక చెట్టు మొదట్లో నిలబడి కళ్లద్దాలు చాలాసేపు తుడిచింది.

"నీ ఫారంల ఈ ఇంటికి ఏం రాసినవ్?"

"సున్నా మేడం."

"ఆ పిల్లలు ఒకసారి సచ్చిపోయిన్రు. నువ్వు వాళ్లు పుట్టనే లేదన్నవ్."

అంతకంటే ఒక్క మాట అనలేదు. మర్నాడు పదమూడు కొత్త ఫారాలూ, పాతవి పదకొండూ రద్దు చేయాలని ఉత్తరమూ రిజిస్టరు పోస్టులో హైదరాబాదు పంపింది. ఉత్తరంలో నా పేరు లేదు. "క్షేత్రస్థాయిలో తప్పు జరిగింది, పర్యవేక్షకురాలిగా బాధ్యత నాది" అని ఉంది.

కొన్ని నెలలకు నివేదిక అచ్చయింది. విడుదల సభ ఖమ్మంలో. ఏసీ హాలు, పెద్ద బ్యానరు, ముందు వరుసల్లో అధికారులు. నివేదిక చేతికి రాగానే ఆమె నేరుగా వెనక పట్టికలకు పోయింది. ఆ ఊరు ఎదురుగా చలి-జ్వర మరణాలు సున్నా. పదకొండు ఇళ్లు. నా ఊరు, చాయ్ హోటల్లో నేను కట్టిన ఊరు, నున్నటి కాగితం మీద అచ్చై కూర్చుంది. కొత్త ఫారాలు ఎవరూ విప్పనేలేదు.

డైరెక్టరు మాట్లాడుతుండగానే ఆమె లేచి నిలబడింది.

"సార్, ఈ పేజీల ఒక ఊరు తప్పు. సరైన ఫారాలు పంపిన, రసీదు నా దగ్గరుంది."

ఆయన చిరునవ్వుతో సర్దబోయాడు. "మేడం, పదకొండు ఇళ్లు. మొత్తం సర్వేలో అదెంత? దానివల్ల మన ఫలితం ఏమీ మారదు."

"మీ ఫలితం మారదు సార్. ఆ ఊరి ఫలితం మారతది."

హాలులో ఎవరో నవ్వారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. "మాకు మొదట వచ్చిన ఫారాలు తప్పని మీరు ఒక్కరే అంటున్నారు. ఆ ఫారాలు నింపిన మనిషి చెప్పాలి కదా. ఎవరు నింపారు? ఇక్కడ ఉన్నారా?"

నేను నాలుగో వరుసలో ఉన్నాను. నా ముందు ప్లేటులో బిస్కట్లు, జీడిపప్పు. ఆమె నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే లేచేవాణ్నేమో అని ఏళ్ల పాటు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నాకు అప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరు పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది. ఈ సంస్థ ఇచ్చే అనుభవ పత్రం లేకపోతే ఆ పోస్టు రాదు.

"నింపినోడు ఈడ ఉన్నడా లేడా అనేది వాడే చెప్పాలె" అంది ఆమె. "నేను చెప్తే ఫిర్యాదు అయితది. వాడు చెప్తే సాక్ష్యం అయితది."

హాలు ఎదురు చూసింది. నేను జీడిపప్పు వైపు చూశాను.

"థాంక్యూ మేడం, తర్వాత మాట్లాడుకుందాం" అని డైరెక్టరు మైకు పక్కకు ఇచ్చాడు. తర్వాత ఎవరూ మాట్లాడుకోలేదు. ఆమె పేరు సంస్థ ఏ పనిలోనూ మళ్లీ కనిపించలేదు. సభలో గొడవ చేసిందని కాలేజీకి కూడా చేరింది. రెండు మూడు సార్లు సంజాయిషీ అడిగారు. నాకు అనుభవ పత్రం వచ్చింది. పోస్టు వచ్చింది. ఈ రోజు నేను పిల్లలకు శాంపిలింగ్ చెబుతున్నానంటే ఆ కాగితం పుణ్యమే. ఏ నోటితో చెబుతున్నానో అడగకండి.

ఆ తర్వాత ఆమెను ఒకే ఒక్కసారి చూశాను, ఖమ్మం స్టేషన్లో. ప్లాట్‌ఫాం మీద నిలబడి రైలొచ్చిన నిమిషం నోటుబుక్కులో రాసుకుంటోంది. తప్పుకుని పోదామనుకునేలోపే చూసింది.

"రాసినవా?" అంది. నా సాక్ష్యం గురించే. పలకరింపు లేదు, కుశలం లేదు.

"రాస్త మేడం."

"ఎప్పుడు?"

నేను ఏదో నసిగాను. ఆమె రైలెక్కింది. కిటికీలోంచి నా వైపు చూడలేదు. ఈ మనిషి మీదా సంతాపసభలో ఆ ఆరుగురు జాలి పడేది, కొంచెం చాదస్తం అని?

సంతాపసభ నుంచి నేను ఇంటికి పోలేదు. భద్రాచలం బస్సెక్కాను. రాత్రి అక్కడ లాడ్జిలో పడుకుని, పొద్దున దుమ్ముగూడెం వైపు వెళ్లాను. ఆటో ఆగిన చోటి నుంచి నడిచాను. చలికాలం. వాగులో నీళ్లు పాదాలు కూడా తడపలేదు.

ఆ తల్లి అదే ఇంట్లో ఉంది. తల నెరిసింది. నడిపి పిల్లకు పెళ్లయిందట. నన్ను గుర్తుపట్టలేదు. మంచి నీళ్లిచ్చింది. నేను కూర్చుని, తడుముకుంటూ మొదలుపెట్టాను. అప్పట్లో ఒక సర్వే అయిందనీ, అందులో ఈ ఊరి లెక్క తప్పు రాశారనీ, అందుకే వానాకాలం నర్సు ఇక్కడికి రాలేదనీ. ఆ తల్లి చెయ్యి ఎత్తి ఆపింది.

"ఎరికే. పంతులమ్మ వచ్చి చెప్పింది."

"ఏ పంతులమ్మ?"

"గొడుగు పంతులమ్మ. అప్పుడే వచ్చింది. కాయితాలు అచ్చయినంక. ఒక్కతే వచ్చింది. అందరిని పిలువుమన్నది. ఈడనే కూసొని చెప్పింది. మీ ఊరి లెక్క తప్పు పోయింది, నా చేతి మీదికెళ్లే పోయింది, మందులమ్మ ఈ వానలకు మీ ఊరికి రాదు, జల్దీ మీరే ఏదన్న చూసుకోవాలె అన్నది."

"మీరేమన్నరు?"

"తిట్టినం. ఊకుంటమా? మస్తు తిట్టినం. కూసున్నది. మొత్తం ఇన్నది." ఆమె వెనక ఇంటి వైపు చెయ్యి చూపింది. "ఆ వానల్ల మా ఎనక ఇంటామె కొడుకు పోయిండు. పంతులమ్మ మళ్ల వచ్చింది. ఇంటామె మన్ను తీసి మీద కొట్టింది. కొంగుతోని తుడుసుకున్నది గని లెవ్వలే. పిలగాని పేరు, వయసు, ఎన్ని దినాలు చలొచ్చింది, అన్నీ అడిగి రాసుకున్నది. మమ్మల్ని తోలుకొని భద్రాచలం ఆఫీసుకు పోయింది. నాలుగు సార్లు పోయినం. ఆ మీది యేడు మందులమ్మ వచ్చింది."

ఇవన్నీ మేడం నాకెప్పుడూ చెప్పలేదు. స్టేషన్లో నిలబడి "రాసినవా" అని అడిగినప్పుడు ఆ మన్ను ఆమె మీద పడి ఎన్నాళ్లైందో. నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. కింద పెట్టాలని కూడా తోచలేదు.

"తప్పు ఎవరు రాసిన్రో చెప్పిందా?" అన్నాను.

"అడిగినం. పేరు చెప్పలే. చూసుకోవాల్సింది నేనే, చూసుకోలే అన్నది." ఆమె నన్ను మొదటిసారి సరిగ్గా, తేరిపార చూసింది. "పంతులమ్మ మంచిగున్నదా?"

"పోయింది. పది రోజులైంది."

ఆమె తల దించుకుంది. మళ్లీ తలెత్తినప్పుడు చూపు మారిపోయింది.

"మరి నువ్వెవరు?"

"రాసింది నేనే" అన్నాను. "వాగు దాటలే. ఇంట్ల కూసొని రాసిన." అప్పుడు కూడా తప్పు చెప్పాను. వెంటనే దిద్దుకున్నాను. "ఇంట్ల కాదు. దుమ్ముగూడెంల, చాయ్ హోటల్ల."

ఆమె లేచి చీర దులుపుకుంది.

"ఆగు, పిలగాని తల్లిని పిలుస్త" అని వెనక ఇంటి వైపు నడిచింది.

నేను కూర్చునే ఉన్నాను.